దగ్గు తెలిసినవాళ్ళు

మార్చి నెలలో గుంటూరులో
ఎవరి గొంతూ వాళ్ళది కాదు.
యార్డు వైపు నుంచి వచ్చే గాలికే ఓ రంగుంటుంది.
టిక్కీలు మోసిన వీపులు, తొడాలు తీసిన వేళ్ళు
శనివారం రాత్రి ఎంత రుద్ది కడిగినా
చీర కుచ్చిళ్ళలోనో చొక్కా జేబులోనో దాక్కుని
కాస్త కారం మాతోపాటే మందిరానికి వస్తుంది.

జెఫన్యా పాస్టరుగారు
"మౌనంగా ప్రార్థన చేసుకుందాం" అంటారు.
అంతే.
ఆడవాళ్ళ చాపల మీద ఒక దగ్గు లేస్తుంది,
మగవాళ్ళ చాపల మీద ఇంకోటి జవాబిస్తుంది.
ఏ చంటిదో తుమ్ముతుంది, అదే ఆమేన్.

అలాంటి చోటికి నేను వెళ్ళడం మానేశాను.
కారణం చెబితే నవ్వుతారు.
ఫ్యాను.
మా అమ్మ జ్ఞాపకార్థం ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద
కరుణమ్మ అని రాయమంటే
కొమ్ము ఎగరగొట్టి కరణమ్మ అని రాయించాడు కృపావరం.
మా ఏడు తరాల్లో కరణం ఎవడూ లేడయ్యా అన్నాను.
"తిరిగితే ఏ పేరూ కనపడదుగా" అన్నాడు.
ఆ మాటకి అలిగాను.

పదకొండు ఆదివారాలు
ఫోనుని మంచినీళ్ళ చెంబుకి ఆనించి కూర్చున్నాను.
మంచి ప్రసంగం. మంచి వాయిద్యాలు.
స్వరం తప్పని పిల్లలు, తెల్లని బట్టలు.
ఎవరూ దగ్గరు.
ఉప్మా మాడుతుంటే
వాక్యాన్ని వేలితో ఆపేవాణ్ణి.
తిరిగొచ్చి మళ్ళీ వేలు పెడితే
ఆగిన మాట మీదే నిలబడి ఉండేది నాకోసం.
అంత వినయం చూస్తే భయమేసింది.
నేను ఆపితే ఆగేవాడు
రేపు నేను తప్పు తోవలో పోతుంటే నన్నేం ఆపుతాడు?

పదో వారం జ్వరమొచ్చింది.
రెండువేల మూడువందల మంది చూస్తున్నారని
ఫోనులో మూల ఒక అంకె.
అందులో ఒక్కరికీ తెలీదు
మా తలుపు గడియ బయట నుంచి ఎలా తీయాలో.

పన్నెండో ఆదివారం ఆలస్యంగా వెళ్ళి
చెప్పులు విడిచేచోట నిలబడ్డాను.
లోపల అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు.
ఎవరూ చూడలేదు కదా,
ఇట్నుంచి ఇటే పోదాం అనుకుంటున్నాను.
గొంతులో గరగర.
అరచెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు.

డోలక్ ముందు జకరయ్య,
పుట్టిన దగ్గర్నుంచీ చూపు లేనివాడు,
తలైనా తిప్పలేదు.
పాస్టరుగారి ప్రార్థన నడుస్తుండగానే అన్నాడు:
"కరుణమ్మ కొడుకొచ్చాడు. కాస్త జరగండి."

కొమ్ముతో సహా అన్నాడు.

చాపల మీద మోకాళ్ళు కదిలాయి.
జానెడు చోటు, జానెడున్నర అయింది.
అటు చూస్తే కృపావరం.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
పాట మొదలయ్యాక పుస్తకం సగం నావైపు వంచాడు.
కళ్ళజోడు తెచ్చుకోలేదని కనిపెట్టి
ప్రతి చరణానికీ మొదటి మాట
నా చెవిలో ఓ క్షణం ముందే అందించాడు.

సువార్తమ్మ ఎప్పట్లాగే అర తాళం వెనకుంది.
ఎప్పట్లాగే చివరి మాటని
అందరం సాగదీసి పట్టుకున్నాం,
పరిగెత్తుకొచ్చే ముసలమ్మ కోసం
నల్లచెరువు స్టాపులో బస్సు ఆపినట్టు.
ఎక్కింది. అప్పుడు దిగాం రెండో చరణంలోకి.

పైన ఫ్యాను తిరుగుతోంది.
నిజమే, ఏ పేరూ కనపడలేదు.
ఆ గాలికి ఎవరి కొంగులోదో కారం లేచి
మళ్ళీ అందుకుంది వరసంతా.

ఆరాధన అయ్యాక అడిగాను,
ఇన్ని దగ్గుల్లో నాది ఎట్టా పట్టావు జకరయ్యా అని.
డోలక్ తాళ్ళు వదులు చేసుకుంటూ
ఇదీ ఓ ప్రశ్నేనా అన్నట్టు చెప్పాడు:
"మీ అమ్మదీ అంతేగా.
రెండు మెట్లు దిగి, మూడోదాని మీద ఆగుద్ది."